మెట్లకడ నిలిచిపోయిన చూపరులు

మేలూరినుండి మధురకు పోవునపుడు మన పెద్దలు నేటికిని రాణి మంగమ్మను తలచుకొందురు. తుపాకుల లింగమనాయకుని కుమార్తెయై, 1689 మొదలు 1706 వరకు మనుమని పక్షమున మధురరాజ్యమును పాలించిన ఆ రాణి బాటలు వేయించెను, బాటసారులకు సత్రములు కట్టించెను. మధుర రైలుస్టేషను నెదుటి సత్రము ఆమె పేరనే ప్రసిద్ధము. ఆమె తముక్కము మేడ 1959 ఏప్రిల్ 15న నెహ్రూగారిచే గాంధీ స్మారక ప్రదర్శనశాలగా ప్రారంభింపబడినది. తిరుమలనాయకుడు 1636లో కట్టించిన మహలులోను నాయకరాజులనాటి శిల్పములు ప్రదర్శింపబడుచున్నవి.

రాజగృహములు ప్రదర్శనశాలలగుట సంతోషమే. కాని అవి కట్టబడినది మోకాళ్లనొప్పులవారిని తలచి కాదు. ఆనాడు మెట్లెక్కినవారు బోయీలు. దొరలు పల్లకిలో నుండిరి!

ఆ మధ్య మేలూరి వృద్ధురాలినొకామెను ఒక చిన్న ప్రదర్శనశాలకు తోడ్కొనిపోయితిమి. దాని పేరు వ్రాయము. ఇట్టివి పెక్కులు గలవు. వాకిట ఆరు మెట్లు, పట్టుకొనుటకు కమ్మియైనను లేదు. కావలివాడు మంచివాడు, కుర్చీలో కూర్చుండబెట్టి మోయింతుననెను. ఆమె నవ్వి, "నన్ను మోసే రోజు వేరే ఉందిలే, నాయనా" అని వేపచెట్టు నీడకు పోయి కూర్చుండెను.

మనుమలు లోనికేగి వచ్చిరి. ఏమి చూచితిరన, "గిన్నెలు" అనిరి. అవి గిన్నెలు కావు, ధాన్యము కొలుచు సోల, తవ్వ, మానికలు. ప్రక్కనున్న పలకలపై అరవమును ఇంగ్లీషును గలవు. ఆ కొలపాత్రల తెలుగు పేర్లు మాలో ఆమెకే తెలియును; ఆమె చెట్టుక్రింద నుండెను. ఆ దినమున నష్టపోయినది ఆమె యొక్కతెయేనా?

పురాతన కట్టడమును ముట్టరాదని నిర్వాహకులందురు. రాతిని చెక్కుమని మేమును కోరము. ఏథెన్సులోని ఆక్రోపొలిస్ కొండకే 2020 డిసెంబరులో క్రొత్త లిఫ్టు నమర్చిరి. మన చిన్నశాలకు రాతికి మేకు తగులకుండ పరచి, మరల తీసివేయదగిన చెక్కవాలు చాలును. అడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివి కావలెనని నియమము. అనగా ఆరు మెట్ల 3 అడుగుల ఎత్తునకు 36 అడుగులు. పొడవెక్కువయని వాలు నిటారు చేసినచో చక్రాలకుర్చీ వెనుకకు జారును. అది మెట్లకంటె అపాయము. నడుమ ఒకచోట సమతలము, ఇరుప్రక్కల కమ్మి యుండవలెను. లోపల కూర్చుండుటకు రెండు బల్లలు వేయుట కెట్టి ఇంజనీరును అక్కరలేదు.

2016నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని దయగా గాక హక్కుగా చెప్పినది. ఇట్టి ప్రమాణములు కేవలము సలహాలుగా నుండరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. కుర్చీతో మోయింతుననిన కావలివాని దయను మేము మరువము. కాని ఆ ముసలమ్మ కోరినది తన కాళ్లతో తాను లోనికి పోవుట.

పైయంతస్తునకు వాలు వేయ వీలుకానిచోట కొలపాత్రలవంటివానిని క్రింది గదికి దించుడు. కూర్చున్నవారి కంటికందు ఎత్తున బల్లపై నుంచుడు. తెలుగు పేర్లు వ్రాయించు పని మన సంఘము చేపట్టవచ్చును. చెప్పుటకు ఆ ముసలమ్మ సిద్ధముగనే యున్నది.