ముడతలు - మందులు - మనం

కిందటి నెల నా పుట్టినరోజుకి ఒక స్నేహితురాలు ముఖానికి రాసుకునే క్రీము ఇచ్చింది. ముప్పై ఎనిమిది నిండాయి కదా, ఇక మొదలుపెట్టమంది. పరిశోధన అలవాటు వల్ల కాబోలు, రాసుకునేముందు డబ్బా మీది రాత చదివాను. ముడతలు తగ్గుతాయని అందులో ఎక్కడా లేదు. తగ్గినట్లు కనిపిస్తాయని మాత్రమే ఉంది. కథలోనో కవితలోనో ఇలాంటి మాట తగిలితే దాన్ని వదలం కదా, ఇక్కడ మాత్రం ఎందుకు వదలాలి?

ఆ మాట యథాలాపంగా పడింది కాదు. అమెరికాలో 1938 నాటి చట్టం ప్రకారం శరీర నిర్మాణాన్ని మార్చడానికి ఉద్దేశించినది మందు, అందం కోసం పూసుకునేది సౌందర్య సాధనం. మందైతే అమ్మకముందే రుజువులు చూపించాలి. 'కనిపించడం' అన్న ఒక్క క్రియతో ఆ బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. ఆ వాక్యమే ఇప్పుడు మన ఊళ్ళ దుకాణాల్లోనూ దొరుకుతోంది.

అలాగని అంతా మోసమేనని కొట్టిపారేస్తే మన విమర్శే తేలిపోతుంది. హయలురోనిక్ ఆమ్లం చర్మం పైపొరలో నీటిని పట్టి ఉంచుతుంది, గీతలు కాసేపు పూడినట్లుంటాయి. రెటినాల్ విటమిన్ ఎ కి ఒక రూపం. చర్మంలో రెటినోయిక్ ఆమ్లంగా మారితేనే అది పనిచేస్తుంది. నేరుగా ఆ ఆమ్లమే అయిన ట్రెటినాయిన్ సన్నని ముడతల్ని నిజంగానే తగ్గిస్తుంది. అది మందు, డాక్టరు సలహాతో వాడాల్సినది, గర్భిణులు వాడకూడనిది.

కానీ ఆ మందుకీ ఒక చరిత్ర ఉంది. 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు ఖైదీల ఒంటి మీద ప్రయోగాలు జరిపాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ట్రెటినాయిన్‌ని కూడా అక్కడ పరీక్షించారు. మొటిమల మందుగా దానికి 1971లో, ముడతలకి 1995లో అనుమతి వచ్చింది. ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య విభాగం 2021లో, ఆ నగరం 2022లో క్షమాపణ చెప్పాయి. మన ముఖాల నునుపు వెనక ఎవరి చర్మం ఉందో ఏ డబ్బా మీదా రాయరు.

ఇదంతా చదువుతుంటే నా సిద్ధాంత గ్రంథమే నాకు అడ్డుపడింది. మన కవిత్వంలో అమ్మ ముఖం గురించి అందులో ఒక అధ్యాయం రాశాను. ఆ ముడతల్ని 'శ్రమ చరిత్ర' అన్నాను. పరీక్షకులు మెచ్చుకున్నారు. గుంటూరు జిల్లాలో మిరపచేలల్లో కూలికెళ్ళిన మా అమ్మని మాత్రం ఏమీ అడగలేదు. మొన్న అడిగాను.

"చరిత్రేముందే? ఎండకి మొహం మండిపోయేది. రాసుకోడానికి ఏదైనా ఉంటే రాసుకునేదాన్నే" అంది.

ముఖం మీది ముడతలకి వయసుతోపాటు ఎండ కూడా పెద్ద కారణం. ఆస్ట్రేలియాలో 903 మంది మీద నాలుగున్నరేళ్ళు జరిపిన అధ్యయనం 2013లో అచ్చయింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది. అంటే ఈ అరలన్నిటిలో అత్యంత అవసరమైన వస్తువు ఎండలో వంగి పనిచేసే ఆడవాళ్ళకి కావాలి. ప్రకటనల్లో కనిపించేది మాత్రం ఏసీ గదుల్లోని ముఖాలు. మా అమ్మకి దొరికింది తలమీదుగా చుట్టుకున్న పైట కొంగు ఒక్కటే.

మగవాడికి అనుభవమయ్యే వయసు స్త్రీకి లోపమెలా అవుతుందో సూసన్ సొంటాగ్ 1972లోనే చర్చించింది. దానికి మన దగ్గర ఇంకొకటి కలపాలి. మార్కెట్ ముడతని లోపమంటే, మనం దాన్ని త్యాగమన్నాం. మండే చర్మం గురించి రెండూ అడగలేదు. ముడతల్ని గౌరవించడం వేరు, వాటిని తెచ్చిన ఎండని గౌరవించడం వేరు. నా అధ్యాయంలో ఆ తేడా లేదు.

నా క్రీము నేను రాసుకుంటూనే ఉన్నాను, ఆ సంగతి దాచను. ఇప్పటికీ పెరటి పాదుల దగ్గర ఎండలో కూర్చునే అమ్మకి సన్‌స్క్రీన్ కొనిచ్చాను. నా డబ్బా మీది వాక్యం కూడా చదివి వినిపించాను.

"ఎవరికి కనిపించాలంట?" అంది, సన్‌స్క్రీన్ మెడకి కూడా రాసుకుంటూ.