ఒక బిందువు లెక్క

ఘనానికి మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2. ఫుట్‌బాల్ మీద మూలలు 60, కుట్లు 90, ముక్కలు 32. అక్కడా అదే 2. 1750లో ఆయిలర్ గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో ఉన్న లెక్క ఇది. ఒక రూపాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలన్నిటినీ కూడికలతో, తీసివేతలతో ఒక్క సంఖ్యలోకి దించడం దీని కిటుకు.

జర్మనీలోని బీలెఫెల్డ్‌లో ఫ్రీడ్‌హెల్మ్ వాల్డ్‌హౌజెన్ 1970లలో ఈ కిటుకును చాలా దూరం తీసుకెళ్లారు. సంఖ్యను దాచుకుని, ముక్కలు చేసిన తీరును ఎందుకు పారేయాలి? ఒకే రూపాన్ని రెండు విధాలుగా కోయొచ్చు. ఆ రెండు కోతల మధ్య పోలికలుంటాయి, ఆ పోలికల మధ్య మళ్లీ పోలికలుంటాయి. వాటన్నిటినీ పోగుచేస్తే కొత్త స్పేస్ ఒకటి తయారవుతుంది. ఎక్స్ అనే స్పేస్‌తో మొదలుపెడితే వచ్చేదాన్ని ఎ(ఎక్స్) అని రాస్తారు. అంతకుముందు డేనియల్ క్విలెన్ రింగుల కోసం కట్టిన బీజీయ కె-థియరీని వాల్డ్‌హౌజెన్ ఇలా రూపాల దగ్గరికి తెచ్చారు. ఆయిలర్ సంఖ్య ఇందులో మొదటి మెట్టు మాత్రమే.

ఇంత శ్రమ దేనికి? ఎ(ఎక్స్) రెండు భాగాలుగా విడిపోతుంది. ఒకటి, రూపాలను సాగదీసి వంచి పోల్చే హోమోటోపీ శాస్త్రవేత్తలకు పాత పరిచయమే. వైట్‌హెడ్ పేరుతో ఉన్న రెండో భాగంలో మానిఫోల్డ్‌ల, అంటే దగ్గరగా చూస్తే వంపులేనట్టు కనిపించే రూపాల, సౌష్ఠవాల సమాచారం ఉంటుంది. ఆ సంబంధానికి పూర్తి రుజువు వాల్డ్‌హౌజెన్, యారెన్, రోగ్నెస్ కలిసి రాసిన పుస్తకంగా 2013లో వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఒక రుజువును వదలకుండా పట్టుకుని పూర్తిచేసిన వారి ఓపికకు నమస్కరించాలి.

ఇక లెక్కకు వద్దాం. ఎక్స్‌గా అన్నిటికన్నా చిన్నదాన్ని, ఒకే ఒక్క బిందువును తీసుకుంటే? ఎ(బిందువు) మెట్లను సున్నా నుంచి లెక్కిస్తారు. సున్నా మెట్టున పూర్ణాంకాలు, తర్వాతి రెండు మెట్లలో రెండేసి మూలకాలున్న గ్రూపులు వస్తాయి. అసలు కథ మూడో గ్రూపు దగ్గర మొదలవుతుంది. పూర్ణాంకాలు కూడా ఒక రింగే. వాటి మూడో కె-గ్రూపులో 48 మూలకాలున్నాయని లీ, షార్బా 1976లో తేల్చారు. బిందువు మూడో గ్రూపును బోక్‌స్టెట్, వాల్డ్‌హౌజెన్ 1987లో లెక్కగట్టారు. అందులోనూ 48 మూలకాలే! కానీ అవి ఒకే గ్రూపు కావు. పూర్ణాంకాల గ్రూపులో ఒక మూలకాన్ని 48 సార్లు కూడితే గానీ సున్నా రాదు. బిందువు గ్రూపులో దేన్ని తీసుకున్నా 24 కూడికల్లోపు సున్నా వచ్చేస్తుంది. ఈ కాలమిస్టుకు మొత్తం రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. లెక్కకు సరిపోయినంత మాత్రాన రెండూ ఒకటే అనుకునేవాళ్లను ఆ గ్రూపు అక్కడే ఆపేస్తుంది.

ఇలాంటి గ్రూపుల్ని నేరుగా లెక్కగట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఈ పనిలో ఆరితేరినవాళ్లు ఎ(బిందువు) జోలికి నేరుగా వెళ్లరు. దానికీ పూర్ణాంకాల కె-థియరీకీ ఉన్న తేడాను పట్టుకుంటారు. అందుకు వాడే పనిముట్టు ట్రేస్. మాత్రిక ప్రధాన వికర్ణం మీది సంఖ్యల మొత్తమే ట్రేస్. రెండు మాత్రికల్ని ముందువెనుకలు మార్చి గుణిస్తే లబ్ధం మారొచ్చు గానీ ట్రేస్ మారదు. పూసల దండను ఎటు తిప్పినా అదే దండ అయినట్టు, వరుసలో చివరి మాత్రికను ముందుకు తెచ్చినా ట్రేస్ అదే. ఆ తిరుగుడులో ఒక వృత్తం దాగి ఉంది. దాన్ని హోమోటోపీలోకి తెచ్చి బోక్‌స్టెట్, షియాంగ్, మాడ్సెన్ 1993లో టోపలాజికల్ సైక్లిక్ హోమాలజీని నిర్మించారు. ఎక్స్ అనే స్పేస్‌కు అది ఎక్స్‌లో తిరిగే లూపుల నుంచి తయారవుతుంది. లూపులంటే హోమోటోపీ మనుషులకు చేతిలో పని.

మిగిలింది ఒక చతురస్రం. ఎ(బిందువు), పూర్ణాంకాల కె-థియరీ, ఆ రెండింటికీ ఎదురుగా నిలిచే సైక్లిక్ హోమాలజీలు దాని నాలుగు మూలలు. ఎ(బిందువు) నుంచి పూర్ణాంకాల కె-థియరీకి వెళ్తుంటే ఏం చేజారుతుందో, వాటి సైక్లిక్ హోమాలజీల మధ్య అలాగే వెళ్లినా సరిగ్గా అదే చేజారుతుందని డుండాస్, గుడ్‌విల్లీ, మెకార్తీల సిద్ధాంతం చెబుతుంది. మూడు మూలలు తెలిస్తే నాలుగోది చేతికొస్తుంది. ఈ లెక్కను ఒక్కో ప్రధాన సంఖ్య దగ్గర విడిగా చేస్తారు. రోగ్నెస్ ఈ దారిలోనే 2002లో ప్రధాన సంఖ్య 2 దగ్గర, 2003లో క్రమ బేసి ప్రధాన సంఖ్యల దగ్గర బిందువు లెక్కను ముందుకు నడిపారు. బ్లూంబెర్గ్, మాండెల్ 2019లో బేసి ప్రధాన సంఖ్యలన్నిటికీ చేశారు.

క్రమ ప్రధాన సంఖ్యలు ఇక్కడికెలా వచ్చాయి? ఫెర్మా చివరి సిద్ధాంతం కోసం కుమ్మర్ వేరుచేసినవి అవి. ఆయన పద్ధతికి లొంగని మొదటి ప్రధాన సంఖ్య 37. పూర్ణాంకాల 22వ కె-గ్రూపులో మూలకాలు సరిగ్గా 691. అదీ లొంగని ప్రధాన సంఖ్యే. రామానుజన్ తన టౌ ఫంక్షన్‌లో పట్టుకున్న 691 ఇదే. రెండు చోట్లా అది 12వ బెర్నూలీ సంఖ్య లవంలోంచే వచ్చింది. మద్రాసు రేవులో గుమాస్తాగా పనిచేసిన మనిషి చూసిన సంఖ్య, మానిఫోల్డ్‌ల కోసం మొదలైన లెక్కలో ఎదురవడం ఈ రంగం లోతుకు గట్టి సాక్ష్యం.

పూర్ణాంకాల వైపు ఇంకా తేలనిది ఒకటుంది. వాటి కె-గ్రూపుల్లో 4, 8, 12 ఇలా నాలుగేసి మెట్లకు వచ్చేవన్నీ సున్నాలేనా? నాలుగోది సున్నా అని రోగ్నెస్ 2000లో నిరూపించారు. ఎనిమిదోదీ సున్నా అని తర్వాత తేలింది. అన్నీ సున్నాలే అనడం, ప్రధాన సంఖ్యల గురించిన కుమ్మర్-వాండివర్ ఊహ నిజమనడం ఒకటేనని కురిహారా 1992లో చూపారు. ఆ ఊహను కంప్యూటర్ మీద 214 కోట్ల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటికీ పరీక్షించారు, ఒక్కటీ తప్పలేదు. రుజువు మాత్రం ఇంకా ఎవరికీ దొరకలేదు.