రాబోవు అను మాట

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టమీద సాయంకాలము నడచు అలవాటు నాకు చాల ఏండ్లుగా కలదు. కుతుబ్ షాహీ ప్రభువైన ఇబ్రహీము పేరు మోయుచున్న ఈ ఊరికి ఆ చెరువే ఆయువుపట్టు. సాగర్ రోడ్డు పొడవున మంగల్‌పల్లిలోను, శేరిగూడలోను, ఖానాపూరులోను ఇంజనీరింగు కళాశాలలు వెలసి, ఆదిబట్లలో టీసీయస్ వారి మేడలు లేచి, ఊరివారి నోట తూము, అలుగు అను మాటలకంటె ప్లేస్‌మెంటు, కోడింగు అను మాటలే తరచుగా వినవచ్చుచున్న ఈ దినములలో సైతము, ఆపరేటింగ్ సిస్టముల పాఠము చెప్పి అలసి వచ్చు నాకు, తరగతిలో విడమరచలేకపోయిన సంగతి యేదో ఒకటి ఆ కట్టమీదనే తేటపడుచుండును.

ఈ వారము దిద్దుబాటును గూర్చి వ్రాయదలచితిని. దిద్దవలసినది కావ్యప్రతియు గాదు, పరీక్షపత్రమును గాదు. లైనక్సు అను ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయయైన కెర్నెలుతో కలసి వచ్చు వివరణ పత్రములలో, మెమరీ రక్షణకై యేర్పడిన ఒకానొక సదుపాయమును గూర్చిన చిన్న పత్రము. ఇంత ఎండిన విషయమా యని పుట త్రిప్పబోవు పాఠకుడు ఒక్క క్షణ మాగినచో, నీళ్లున్న చోటినుండియే మొదలుపెట్టెదను.

ప్రోగ్రాము వాడుకొను మెమరీని కెర్నెలు సాధారణముగా 4 కిలోబైట్ల పేజీలుగా విభజించి, యే పేజీని చదువవచ్చునో, దేనిలో వ్రాయవచ్చునో, దేనిలోని ఆదేశములను నడుపవచ్చునో ఒక పట్టికలో గుర్తించి యుంచును. ఈ అనుమతులు మారవలెనన్న ప్రోగ్రాము ‘ఎంప్రొటెక్ట్’ అను పిలుపుతో కెర్నెలునకు మనవి చేసికొనవలెను. కెర్నెలు ఒక్కొక్క పేజీ పద్దును తిరుగవ్రాసి, ప్రాసెసరులోని ఇతర కోర్లు తమకడ దాచుకొన్న పాత నకళ్లను చెరిపించవలెను. మడికి నీరు కావలసినప్పుడెల్ల కట్టకు గండికొట్టి, తడి ముగియగానే మరల పూడ్చుట యెట్టిదో ఇది యట్టిది. పని జరుగును, కాని ఎంత మన్ను, ఎందరు కూలీలు! ఇంటెల్ వారు తెచ్చిన ‘మెమరీ ప్రొటెక్షన్ కీస్’ అను ఉపాయము కట్టజోలికి పోక తూమును పెట్టినది. పట్టికలోని ప్రతి పద్దునందును అంతవరకు వాడుకలో లేని నాలుగు బిట్లను ఒక సంఖ్యకు కేటాయించిరి. నాలుగు బిట్లు గనుక పదునారు సంఖ్యలు, అనగా పదునారు తాళపుచెవులు. ‘పీకేఆర్‌యూ’ అను 32 బిట్ల రిజిస్టరులో ఒక్కొక్క చెవికి రెండేసి బిట్లు. ఒకటి ఆ చెవి తగిలించిన పేజీలను ముట్టుటనే నిషేధించును, రెండవది వ్రాతను మాత్రము నిషేధించును. ఆ రిజిస్టరును ప్రోగ్రాము తానే ఒక్క ఆదేశముతో మార్చుకొనగలదు, కెర్నెలును పిలువ నక్కరలేదు. 2016లో వెలువడిన లైనక్సు 4.6 ఈ సదుపాయమునకు చోటిచ్చెను. ప్రోగ్రాములు చెవులను అడిగి పుచ్చుకొనుటకు వలయు పిలుపులు ఆ యేడాది చివర 4.9లో చేరెను.

పోలిక యెంత చక్కనిదైనను దానికొక హద్దుండును. మన చెరువులలో తూము నీరటికాని అధీనమున నుండెడిది. ఊరంతయు అతని నడిగి నీరు పెట్టుకొనెడిది. ఇచ్చట నీరటికాడు లేడు. ఆ రిజిస్టరును మార్చు ఆదేశమును ఆ ప్రోగ్రాములోని యే మూలనున్న కోడైనను పలుకవచ్చును. కావున ఇది పొరపాటున చేయి తగులుటనుండి రక్షించునే గాని, లోన జొరబడి తన ఆదేశములను నడుపగల దొంగను అడ్డుకొనదు. ‘రక్షణ’ అను మాట కనబడగానే కోటగోడను ఊహించుకొను వారికి ఈ భేదమును తెలుపు పూచీ వివరణ వ్రాయువానిదే.

ఇక ఆ పత్రము సంగతి. దాని పాత ప్రతిలో, ఈ సదుపాయము ఇంటెల్ స్కైలేక్ జాతి సర్వరులలో కలదనియు, సర్వరులు కాని ఇంటెల్ ప్రాసెసర్లలోను, రాబోవు ఏఎండీ ప్రాసెసర్లలోను ముందుముందు రాగలదనియు, పరీక్షించి చూడగోరువారు అమెజాను వారి సీ5 అను అద్దె యంత్రములలో ఉబుంటు 17.04ను వాడవచ్చుననియు వ్రాసియుండెను. ఇందులో ఒక్క అబద్ధమైనను లేదు. వ్రాసిననాడు ప్రతి మాటయు నిజమే, పైగా ఉపకారబుద్ధితో వ్రాసినదే. కాని ఆ సీ5 యంత్రములు 2017 నవంబరులో వెలువడినవి. ఆ ఉబుంటు కూర్పునకు ఆదరణ 2018 జనవరిలోనే ముగిసినది. ఆ సలహా మాత్రము 2022లో ఒక ఇంటెల్ ఇంజనీరు పత్రమును శుద్ధి చేయువరకు చెక్కుచెదరక నిలిచియుండెను. ఆయన అమెజానును తొలగించెను, ఉబుంటును తొలగించెను, పదునొకండవ తరపు ఇంటెల్ ప్రాసెసర్లను చేర్చెను. ఏఎండీని మాత్రము ‘రాబోవు’ పట్టికలోనే విడిచెను. ఏఎండీ వారి జెన్ 3 తరపు ప్రాసెసరు ఈ సదుపాయముతో 2020లోనే అంగడికి వచ్చియుండెను! దిద్దినవానిని నేను తప్పుపట్టను. తన పొలము గట్టు చక్కబెట్టుకొన్నవాడు పొరుగువాని గట్టుమీది ముండ్లు ఏరకపోయినచో దానిని నేరమని యెవరనగలరు? నాకు వింతగా తోచినది ఆ మాటయొక్క ఆయుష్షు. భవిష్యత్తు వచ్చి, వర్తమానమై, భూతమైన పిమ్మట కూడ ‘రాబోవు’ అను మాట తన స్థానమున తాను కూర్చుండి యుండెను. కోడు నడచిపోవును, వాక్యము నిలిచిపోవును; వివరణ పత్రములలోని తప్పులలో ఎక్కువపాలు ఇట్టివే యని నా నమ్మకము.

ప్రాచీన గ్రంథముల పరిష్కరణకును దీనికిని గల తేడా ఇచ్చటనే కలదు. కడపలో బ్రౌను దొర పండితులను సమకూర్చి తాళపత్రప్రతులను సరిపోల్చించునాడు, కవి తొలుత వ్రాసిన పాఠమేదో దానినే వారు వెదకిరి. లేఖకుల చేతిలో చెడినదానిని వెనుకకు మరలించుట వారి పని. మా పనిలో మూలమే ఆరునెలలు తిరుగకముందే మారుచుండును. నిన్నటి శుద్ధపాఠము నేటి అపపాఠము. పైగా ఒకే విషయము రెండు తావుల నుండును, కెర్నెలు వివరణలో ఒకటి, మాన్యువల్ పేజీలలో మరియొకటి. వీనిని చూచుకొనువారు వేరు, దిద్దు విధానమును కొంత వేరు. ఒకదానిని దిద్ది రెండవదానిని మరచినచో మనమే కొత్త పాఠభేదమును సృష్టించినవార మగుదుము.

కెర్నెలు వారి దిద్దుబాటు సంప్రదాయములలో నాకు మిక్కిలి ప్రియమైనది వ్యాకరణ సంబంధమైనది. దిద్దినవాడు తన మార్పును వర్ణించుచు ‘నేను దిద్దితిని’ యనికాని, ‘ఇది దిద్దబడినది’ యనికాని వ్రాయరాదు. విధ్యర్థకములో, కోడునకే ఆజ్ఞ యిచ్చినట్లు, ‘దిద్దుము, తొలగించుము’ అని వ్రాయవలెను. కర్త మరుగుపడి కార్యమే మిగులును. అట్లని కర్త తప్పించుకొనుటకు వీలులేదు. 2004 నుండి ప్రతి మార్పుక్రిందను చేసినవాడు తన పేరుతో ‘ఇది పంపుటకు నాకు హక్కు కలదు’ అను అర్థమున ఒక పంక్తి సంతకము చేయవలెను. ఎందుకు మార్చితివో చెప్పనిచో, అక్షరదోషము తప్ప తక్కిన యే మార్పును అంత తేలికగా పుచ్చుకొనరు. మన అచ్చుపుస్తకముల వెనుక తప్పొప్పుల పట్టిక యుండెడిది కాని, అందులో కారణమను గడి యెన్నడును లేకుండెను; ఉండియుండిన ఎన్నో తగవులు తీరియుండెడివి.

ఇంతయు చెప్పి నా సంగతి దాచుట ధర్మము కాదు. 2018లో నా విద్యార్థులకై ఈ విషయమును నాలుగు పుటల పాఠ్యపత్రముగా వ్రాసితిని. అందులో, ఒక చెవితో ముట్టుటను నిషేధించినచో ఆ పేజీ సమస్తమునకును మూతపడుననియు, చదువుటకును వ్రాయుటకును అందలి ఆదేశములను నడుపుటకును పనికిరాదనియు ధైర్యముగా వ్రాసితిని. ఐదేండ్లు అదియే బోధించితిని. అదియే పరీక్షలో అడిగి, అట్లు వ్రాసినవారికి మార్కులును ఇచ్చితిని. 2023లో కడపటి బల్లమీది కుర్రవాడొకడు తన ల్యాప్‌టాపును నా బల్లపై పెట్టి, “సార్, మీరు నడవదన్నరు గద, నడుస్తుంది సూడుండ్రి” అనెను. వాడు ఒక పేజీలో ఏడు అను సంఖ్యను తిరిగిచ్చు చిన్న ఫంక్షనును ఉంచి, దానికి చెవి తగిలించి, ముట్టుటను నిషేధించెను. చదువబోయినప్పుడు ప్రోగ్రాము కూలెను. పిలిచినప్పుడు మాత్రము ఏడు వచ్చెను. మూడుమార్లు నడిపించితిని; మూడుమార్లును ఏడే.

ఆ రాత్రి కెర్నెలు పత్రమును తీసి చూడగా, ఈ నిషేధములు డేటాకే వర్తించుననియు, ఆదేశములను తెచ్చుకొనుటపై వీనికి ప్రభావము లేదనియు స్పష్టముగా ఒక వాక్యము కలదు. ఎన్నిమార్లు చదివియుంటినో! క్లుప్తముగా వ్రాయవలెనను ఆత్రముతో దానిని నేనే విడిచితిని. తమాషా యేమనగా, నేను విడిచిన ఆ లక్షణముపైననే కెర్నెలు ఆధారపడుచున్నది: ఒక పేజీని నడుపుటకు మాత్రమే అనుమతించి చదువుటకు వీలులేకుండ చేయుమని ప్రోగ్రాము అడిగినప్పుడు, కెర్నెలు తానే ఒక చెవిని తీసికొని ఈ సందునే వాడుకొనును. మరియొక తమాషా కూడ కలదు. నా పత్రము మూడవ పుటలో ‘రాబోవు ఏఎండీ ప్రాసెసర్లు’ అని నా చేతివ్రాతతోనే యుండెను.

మరునాడు పత్రమును తిరుగవ్రాసితిని. మొదటి పంక్తిలో తేదీని, యే కెర్నెలు కూర్పును చూచి వ్రాసితినో ఆ సంఖ్యను వేసితిని. భవిష్యదర్థక క్రియ ఒక్కటియు లేకుండ జాగ్రత్తపడితిని. చివర దిద్దుబాటునకు కారణము నలుగురికి తెలియునట్లు వ్రాసి, తప్పు చూపినది ఒక విద్యార్థి యని చేర్చితిని. ఆ ప్రతిని తీసికొని కళాశాల యెదుటి జిరాక్సు దుకాణమునకు పోయి, పాత మూలప్రతిని పారవేయుమని కోరితిని. దుకాణదారు దానిని సొరుగునుండి తీసి, అంచులు సరిచేసి, మరల సొరుగులోనే పెట్టెను. “కొత్తది గూడ పెడ్త సార్. గని పోరగాండ్లు పాతదే అడుగుతున్నరు. అది సదివినోళ్లు పాసైన్రంట.”

పాతది నాలుగు పుటలు, కొత్తది ఆరు. రెండును ఇప్పటికిని అచ్చట అమ్ముడుపోవుచున్నవి.