లాస్ శాంటోస్ వీధుల్లో వర్గం ఏమైంది?

సాహిత్య విమర్శకు వీడియో గేముతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. నవల ముట్టని మా తొమ్మిదో తరగతి పిల్లలు 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' నగరాల్ని సందు సందూ చెప్పగలరు. కథ, పాత్ర, సంభాషణ, వాతావరణం అన్నీ ఉండి ఇంతమంది మీద పనిచేస్తున్న రూపాన్ని విమర్శ వదిలేయడం సబబు కాదు.

1997లో స్కాట్లండులోని డండీలో మొదలైనప్పుడు ఇది పైనుంచి చూసే బొమ్మల నగరం. కార్లు దొంగిలించడం, పోలీసుల్ని తప్పించుకోవడం, అంతే. 2001లో మూడో ఆటతో ఆటగాడు నగరంలోకి దిగాడు. ఎటైనా పోవచ్చు. ఈ స్వేచ్ఛనే అందరూ పొగిడారు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. ఎటైనా పోవచ్చు గాని, కథ సాగాలంటే ఎవడో ఒక ముఠానాయకుడి పని చేసిపెట్టాలి.

2002 నాటి 'వైస్ సిటీ'ది 1986 కాలపు మయామీని పోలిన నగరం. అందులో ఒక సరుకు రవాణా కంపెనీ దగ్గర కార్మికులు సమ్మె చేస్తుంటారు. భూముల వ్యాపారి ఒకడు కథానాయకుడు టామీని పిలిచి, కార్మికుడి దుస్తుల్లో వెళ్లి వాళ్ల మధ్య కొట్లాట రేపమంటాడు. రేపితేనే డబ్బు. సమ్మె చేసేవాళ్ల పక్కన నిలబడే వీలు ఆటగాడికి లేదు. రచయితలు ఆ వ్యాపారిని వెక్కిరించారన్నది నిజమే. అయినా ఆటగాడు చేసేది వాడి పనే.

'శాన్ ఆండ్రియాస్' (2004) నా దృష్టిలో ఈ వరుసలో ఉత్తమం. 1992 నాటి లాస్ ఏంజెలిస్‌ను పోలిన లాస్ శాంటోస్‌లో నల్లవాళ్ల పేట. తల్లి చావుకు ఇల్లు చేరిన కార్ల్ జాన్సన్. దిగిన రోజే అతణ్ణి పట్టుకుని డబ్బు లాక్కునే పోలీసు అధికారి టెన్‌పెన్నీ. చివర అతడు కోర్టు నుంచి నిర్దోషిగా బయటపడగానే నగరం అంటుకుంటుంది. రాడ్నీ కింగ్‌ను కొట్టిన పోలీసుల్ని 1992 ఏప్రిల్‌లో నిర్దోషులన్నాక జరిగింది ఇదే. చరిత్ర ఇంత సూటిగా ఈ ఆటల్లోకి మరెప్పుడూ రాలేదు. కాని ఆ మంటల మధ్య కార్ల్ చేసే పని పక్క ముఠాల పేటలు ఆక్రమించుకోవడం! ప్రజల ఆగ్రహం వెనకతెర అయిపోయింది.

2008 నాటి నాలుగో ఆటలో నికో బెలిక్ బాల్కన్ యుద్ధం చూసి అమెరికా చేరిన వలసవాడు. భవంతి ఉందని గొప్పలు రాసిన కజిన్ రోమన్ బొద్దింకలు తిరిగే గదిలో ఉంటాడు. పాత్రచిత్రణలో దీన్ని మించినది ఈ వరుసలో లేదు. నికో తన గతానికి బాధపడే దృశ్యం ముగుస్తుంది. మరుక్షణం ఆటగాడు అతనిచేత మరో పదిమందిని చంపిస్తాడు. వస్తువుకూ శిల్పానికీ మధ్య వచ్చిన ఈ వైరుధ్యాన్ని రచయితల అశ్రద్ధ అనలేం. చంపడం చుట్టూ అల్లిన రూపంలో పశ్చాత్తాపానికి చోటు దొరకలేదు.

2013 నాటి ఐదో ఆటకు ఆ బాధా లేదు. ఒక వ్యాపారిని చంపేముందు అతని పోటీ కంపెనీ షేర్లు కొనిపెట్టుకుంటే లాభం. పెట్టుబడి మీద ఇంత పదునైన వ్యంగ్యం ఎక్కడుందని ఒక యువమిత్రుడు వాదించాడు. వ్యంగ్యమే, ఒప్పుకున్నాను. నువ్వేం చేశావని అడిగితే, షేర్లు కొన్నానన్నాడు. 3 రోజుల్లో 100 కోట్ల డాలర్ల అమ్మకాలు సాధించిన సరుకు ఇది. తర్వాత ఆన్‌లైన్ భాగంలో ఆటడబ్బును అసలు డబ్బుకే అమ్మారు.

2025 అక్టోబరు చివర రాక్‌స్టార్ సంస్థ బ్రిటన్, కెనడాల్లో 30 మందికి పైగా ఉద్యోగుల్ని తొలగించింది. యూనియన్‌లో చేరినందుకే అని కార్మికసంఘం అంది. రహస్య సమాచారం బయటపెట్టినందుకు అని కంపెనీ అంది. ఎడిన్‌బరో ఆఫీసు ముందు నిరసన జరిగింది. ఆ వార్త చదివాక 'వైస్ సిటీ' సమ్మె ఘట్టాన్ని మా అబ్బాయి చేత మళ్లీ ఆడించి చూశాను. గేటు దగ్గరున్న ఆ కార్మికుల్లో ఒక్కరికీ పేరు లేదు.