గడియారం కలిపిన 300 మీటర్లు

నగరాల్లో ఏ హాఫ్ మారథాన్ జరిగినా, ఆ సాయంత్రానికల్లా రన్నర్ల వాట్సాప్ బృందాల్లో ఒక ఫిర్యాదు తలెత్తడం ఆనవాయితీగా మారింది. ఈ వారం అది మరికాస్త బిగ్గరగా వినిపించి ఈ కాలమ్‌కు తగినంత చిరాకు తెప్పించింది. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు కాగా, చేతి గడియారాలు 21.4 చూపించాయనీ, అంటే నిర్వాహకులు 300 మీటర్లు అదనంగా పరిగెత్తించారనీ, అవి లేకుంటే గంటన్నర లోపే పరుగు పూర్తయ్యేదనీ ఆ ఫిర్యాదు సారాంశం. సరదాకు, మెడలో పతకం వేసుకుని ఫొటో దిగడానికి పరిగెత్తేవారికి ఈ లెక్కతో పనిలేదు. ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారకముందే లేచి సాధన చేసి, తన వయోవర్గంలో స్థానం కోసమో, రన్నర్లు పీబీ అని పిలుచుకునే స్వీయ అత్యుత్తమ సమయం కోసమో పోటీపడే అమెచ్యూర్ సంగతి వేరు. అతనికి 89 నిమిషాల 59 సెకన్లకూ 90 నిమిషాల 1 సెకనుకూ నడుమ ఉన్న తేడా ఒక ఏడాది సాధనపై వెలువడే తీర్పు.

ఈ ఫిర్యాదు అడుగున గడియారం నిజమే చెబుతుందనే నమ్మకం ఉంది. నిజానికి ధ్రువీకరణ పొందిన మార్గాన్ని కొలిచే పద్ధతి జీపీఎస్ ఉపగ్రహాల కంటే పాతది, వాటి కంటే నిక్కచ్చిది కూడా. ఉక్కు టేపుతో కొలిచి గుర్తుపెట్టిన, 300 మీటర్లకు తగ్గని తిన్నని రోడ్డు మీద ముందుగా సైకిల్‌ను నాలుగుసార్లు నడిపి, చక్రం ఎంత తిరిగితే ఎంత దూరమో నిర్ణయిస్తారు. ముందు చక్రానికి బిగించిన జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం ఆ తిరుగుళ్లను మీటరుకు దాదాపు 11 అంకెల చొప్పున లెక్కిస్తుంది. ఎండ పెరిగే కొద్దీ టైరులోని గాలి వ్యాకోచించి చక్రం చుట్టుకొలత మారుతుంది కనుక, మార్గమంతా కొలిచిన తర్వాత అదే రోడ్డు మీద మరో నాలుగుసార్లు సరిచూస్తారు. సైకిల్ రోడ్డు మధ్యలో నడవదు. రన్నరుకు సాధ్యమయ్యే అతి దగ్గరి దారిలో, మలుపు లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంలో నడుస్తుంది. ఇంత చేశాక కూడా మార్గం పొరపాటున తగ్గకుండా ప్రతి 1,000 మీటర్లకు 1 మీటరు కలుపుతారు. తూకం వేశాక కూరగాయలమ్మి వేసే కొసరు వంటిదే ఇది. హాఫ్ మారథాన్‌కు ఆ కొసరు 21 మీటర్లు.

ఈ పద్ధతి వెనుక ఉన్న టెడ్ కార్బిట్‌ను తలచుకోకుండా ముందుకు సాగడం ఈ కాలమ్‌కు చేతకాదని పాఠకులకు తెలుసు. బానిసల మనవడిగా పుట్టి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున మారథాన్ పరిగెత్తి, న్యూయార్క్‌లో ఫిజియోథెరపిస్టుగా జీవనం సాగించిన ఈ నల్లజాతి రన్నర్, బ్రిటన్‌లో జాన్ జూవెల్ అనుసరించిన సైకిల్ పద్ధతిని అధ్యయనం చేసి, 1964లో రోడ్డు మార్గాల కొలతపై ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. కొలవని దూరం మీద నమోదైన సమయానికి విలువ లేదనే అతని పట్టుదలతోనే అమెరికాలో మార్గాల ధ్రువీకరణ మొదలైంది. అలన్ జోన్స్ అనే ఇంజనీరు, అతని కుమారుడు క్లెయిన్ కలిసి 1971లో కౌంటర్‌ను రూపొందించారు. ఇంత జాగ్రత్త దేనికని అడిగేవారికి 1981 న్యూయార్క్ సిటీ మారథాన్ చక్కని జవాబు. ఆ పోటీలో అల్బెర్టో సలజార్ 2:08:13కు గమ్యం చేరి, డెరెక్ క్లేటన్ పేరిట 1969 నుంచి నిలిచిన ప్రపంచ అత్యుత్తమ సమయాన్ని సుమారు 20 సెకన్లతో అధిగమించాడు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఆ మార్గం 148 మీటర్లు తక్కువని తేలింది. సలజార్ వేగంతో అంత దూరానికి 27 సెకన్లు పడుతుంది. ఘనత చివరికి అదే ఏడాది డిసెంబరులో ఫుకుఓకాలో 2:08:18 పరిగెత్తిన రాబర్ట్ డి కాస్టెల్లాకు దక్కింది. ఇదంతా పాత ముచ్చట అనుకోవడానికీ వీల్లేదు: 2016లో గ్లాస్గోలో జరిగిన గ్రేట్ స్కాటిష్ రన్ హాఫ్ మారథాన్ మార్గం దాదాపు 150 మీటర్లు తగ్గిందని బయటపడి, క్యాలమ్ హాకిన్స్ సాధించిన స్కాట్లాండ్ రికార్డు చెల్లకుండా పోయింది.

ఇక గడియారం విషయం. అది ఉపగ్రహ సంకేతాలతో కొద్ది క్షణాలకొక బిందువును గుర్తించి, వాటిని కలుపుతూ దూరం లెక్కిస్తుంది. ఎత్తయిన భవనాల గోడలకు తగిలి సంకేతాలు చెదిరినా, ఫ్లైఓవర్ కింద అవి అందకపోయినా బిందువులు అటూఇటూ జరుగుతాయి. తిన్నగా సాగిన పరుగు గడియారంలో వంకరటింకర గీతగా మారుతుంది, వంకర గీత తిన్నని గీత కంటే పొడవు కాక తప్పదు. దీనికి రన్నరు స్వయంగా కలుపుకునే దూరం తోడవుతుంది. లంబకోణపు మలుపును లోపలి అంచుకు 6 మీటర్ల ఎడంగా తిరిగితే సుమారు 9 మీటర్లు, యూటర్న్‌ను అలాగే తిరిగితే సుమారు 19 మీటర్లు పెరుగుతాయి. గంటన్నర లోపు ముగించాలని గడియారంలో కిలోమీటరుకు 4 నిమిషాల 15 సెకన్ల వేగం చూసుకుంటూ పరిగెత్తినవారు, కొలిచిన దూరం ప్రకారమైతే 89:40కి చేరాలి. అదే వేగంతో గడియారపు 21.4 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 90:57 అవుతుంది. పోయిన 77 సెకన్లను నిర్వాహకుల ఖాతాలో వేయడం అన్యాయం. మలుపు నుంచి మలుపుకు అడ్డంగా, తిన్నగా పరిగెత్తే విద్యను, రన్నర్లు టాంజెంట్లు అనే పద్ధతిని నేర్చుకోనివారికి ఫిర్యాదు చేసే హక్కు లేదన్నది ఈ కాలమ్ చాలాకాలంగా పాడుతున్న పాట.

అయితే ఆ విద్య చెల్లాలంటే రోడ్డు ఖాళీగా ఉండాలి. హాఫ్ మారథాన్‌లో అవినాశ్ సాబ్లే 2020 నవంబరులో ఢిల్లీలో 1:00:30తో జాతీయ రికార్డు సృష్టించినప్పుడు, కోవిడ్ కారణంగా మార్గం మీద అగ్రశ్రేణి రన్నర్లే ఉన్నారు. అమెచ్యూర్లు యాప్ సాయంతో ఎవరి ఊళ్లో వారు పరిగెత్తారు. మామూలు ఏడాదిలో గంటన్నర లక్ష్యంతో బయలుదేరిన అమెచ్యూర్ ముందు అలాంటి రోడ్డు ఉండదు. ముందే వదిలిన 10కె బృందం మలుపు లోపలి వైపున నలుగురేసి వరుసగా నడుస్తుంటుంది, నీళ్ల బల్లలు సరిగ్గా లోపలి అంచునే వేసి ఉంటాయి, సగం రోడ్డు వాహనాలకు వదిలి వరుసగా కోన్లు పెట్టి ఉంటారు. సైకిల్ నడిచిన గీత ఆ కోన్లకు అవతల ఉంటే, కొలత పత్రం ఎంత నిక్కచ్చిగా ఉన్నా ఆ గీత మీద పరిగెత్తే అవకాశం ఎవరికీ లేదు. అప్పుడు 300 మీటర్లలో కొంత భాగం గడియారం కల్పన కాదు, కాళ్లు నిజంగా పరిగెత్తిన దూరం. దూరం తప్పు కొలిచారనే ఆరోపణ నిలవకపోయినా, కొలిచిన దూరాన్ని రన్నరు చేతికి అందించలేదనే ఆరోపణ నిలుస్తుంది.

సిడ్నీ 2000 ఒలింపిక్స్ మారథాన్‌లో అతి దగ్గరి దారి పొడవునా రోడ్డుపై నీలిగీత గీశారు. లండన్ మారథాన్‌లోనూ ఆ ఆచారం ఉంది. రిజిస్ట్రేషన్ రుసుము వేల రూపాయలకు చేరుతున్న మన పోటీల నిర్వాహకులు కనీసం పెద్ద మలుపుల దగ్గరైనా ఆ గీత గీయాలి, కొలత పత్రాన్నీ పటాన్నీ బిబ్ ఇచ్చే రోజునే ప్రదర్శించాలి, నడిచేవారి బృందాన్ని హాఫ్ మారథాన్ తర్వాతే వదలాలి. రన్నర్లు తమ వంతుగా ప్రతి కిలోమీటరుకూ గడియారం తన లెక్క ప్రకారం తానే సమయం నమోదు చేసే ఆటో ల్యాప్‌ను ఆపేసి, రోడ్డు పక్కన పాతిన కిలోమీటరు బోర్డుల దగ్గర బటన్ చేత్తో నొక్కుకోవాలి. 5 కిలోమీటర్ల బోర్డును 21:15కూ, 10వ దాన్ని 42:30కూ, 20వ దాన్ని 85 నిమిషాలకూ దాటినవారికి, గడియారం ఏ దూరం చూపించినా, మిగిలిన 1,097.5 మీటర్లకు 5 నిమిషాలు చేతిలో ఉంటాయి.