క్రీడాకథలో వాస్తవికత

జపాను చిత్రకథలలో క్రీడాకథలది ఒక విశిష్టమైన శాఖ. తకెహికో ఇనోవె 1990 నుండి 1996 వరకు ధారావాహికగా వెలువరించిన ‘స్లామ్ డంక్’లో షోహోకు పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టు బలవత్తరమైన సన్నో జట్టును 79–78 తేడాతో జయిస్తుంది, మరుసటి పోటీలోనే చిత్తుగా ఓడుతుంది. ప్రత్యర్థుల ముట్టడినీ, దానిని ఛేదించిన ఉపాయాన్నీ, అందుకు వెచ్చించిన శక్తినీ లెక్కగట్టి చూపినందువల్లనే ఆ గెలుపూ ఆ ఓటమీ రెండూ నమ్మదగినవైనాయి. క్రీడాకథలో వాస్తవికత అంటే చెమటా నెత్తురూ కాదు. ఫలితానికి గల కారణం.

ఈ కొలబద్ద మనకూ అవసరమే. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో ఓరుగంటి కోడిపందెం ఉన్నది; కాని అది నగరం చూడవచ్చిన మిత్రుల దృష్టి, పందెగాని దృష్టి కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయుడైన అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. ఆ బస్తరు వారపు సంతలలో నేటికీ కోళ్ళు పోరాడుతున్నాయి. బయటినుండి వచ్చిన రచయిత కంటికి కాలికి కట్టిన కత్తీ, చుట్టూ మూగిన జనమూ కనబడతాయి. కాని సగం పందెం కత్తి కట్టకముందే నడుస్తుంది: ఎత్తూ బరువూ చూచి జోడీ కుదుర్చుకోవడం, ఎదుటి కోడి పొగరును అంచనా కట్టడం, ఒప్పుకోవడమా మానడమా నిశ్చయించుకోవడం. దీనిని విడిచి ఆవేశాన్నే వర్ణిస్తే ఆదివాసి అడవికి అలంకారం మాత్రమే అవుతాడు. ఎత్తుగడను వ్రాయడమంటే పాత్రకు బుద్ధి ఉన్నదని అంగీకరించడమే.