పాదముతోపాటు వంగే స్కేటు: ఒక విమర్శ

నడిచేటప్పుడు మనిషి పాదము వంగుతుంది. చక్రాల స్కేటుకు బిగించిన పాదము వంగదు. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూచినవారికి వెంటనే ఒక ఆలోచన తోస్తుంది: స్కేటు అడుగున ఉండే పలకను కూడ పాదముతోపాటు వంగేటట్లు తయారుచేస్తే, నడక ఎంత సహజమో స్కేటింగు కూడ అంత సహజము కాదా? రోలర్ స్కేట్ల చరిత్రలో ఈ ఆలోచన ఒక్కసారి కాదు, పలుమార్లు తలయెత్తినది. పలకను రెండు ముక్కలు చేసి నడుమ కీలు వేసినవారున్నారు. లోహాన్ని మాని, సులభంగా వంగే ప్లాస్టిక్కు పలకలు పెట్టినవారున్నారు.

వినడానికి ఈ వాదము సబబుగానే ఉంటుంది. కాని "సహజము" అనే మాట యంత్రనిర్మాణంలో చాల మోసకారి. పాదము వంగుతుందన్నది నిజమే. అయితే ఎక్కడ వంగుతుంది, ఎప్పుడు వంగుతుంది, వంగి ఏమి సాధిస్తుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పలకను మెత్తగా చేయడమంటే, రోగమేమిటో తెలియకుండానే మందు నూరడమవుతుంది.

మొదటి ప్రశ్న తీసుకొందాము. పాదంలో 26 ఎముకలు ఉన్నవి. ఇన్ని ఎముకలు, వాటి నడుమ ఇన్ని కీళ్ళు ఉన్నవి గనుక అది అరటిఆకువలె అంతటా వంగుతుందని అనుకోరాదు. అడుగు ఎత్తే సమయంలో అది ముఖ్యంగా ఒకే చోట, అంటే వేళ్ళ మొదళ్ళవద్ద, తలుపువలె మడతపడుతుంది. మడమనుండి కొలిస్తే ఆ చోటు పాదము పొడవులో ఇంచుమించు 70 శాతము దూరాన ఉంటుంది. అక్కడ మడతపడిన క్షణంలోనే మిగతా పాదము బిగుసుకొంటుంది. దీని కారణాన్ని 1954 లో ఇంగ్లండులో జె. హెచ్. హిక్స్ వివరించాడు. మడమ ఎముకనుండి వేళ్ళవరకు అరికాలి అడుగున ఒక గట్టి నారపట్టీ పరచుకొని ఉన్నది. వేళ్ళు పైకి మడతపడినప్పుడు ఆ పట్టీ వేళ్ళ మొదళ్ళ చుట్టు తిరిగి లాగబడుతుంది. ఓడమీద లంగరుతాడును చుట్టే యంత్రము తాటిని బిగించినట్లు అది అరికాలి వంపును బిగించివేస్తుంది. అంటే వేళ్ళవద్ద కలిగే వంపు పాదాన్ని మెత్తపరచడానికి కాదు, కర్రవలె గట్టిపరచడానికే ఉపయోగపడుతున్నది. పాదాన్ని అనుకరిస్తున్నామంటూ ఈ చివరనుండి ఆ చివరవరకు వంగే పలకను తయారుచేసినవారు పాదాన్ని సరిగా చూడలేదనే చెప్పాలి.

పూర్వము పావుకోళ్ళు వేసుకొని నడిచినవారిని గుర్తుతెచ్చుకొంటే విషయము ఇంకా తేటపడుతుంది. పావుకోటి కర్ర వంగదు. అయినా దానిమీద నడవడము సాధ్యమే. వేళ్ళు గుబ్బను పట్టుకొని ఉంటే మడమ కర్రనుండి పైకి లేస్తుంది. తరువాత కర్ర వచ్చి మడమకు టక్కున తగులుతుంది. వంగవలసినది పాదము, దాని కిందనున్న వస్తువు వంగనక్కరలేదు. ఈ టకటక చప్పుడును పాఠకులు కొంచెము జ్ఞాపకము పెట్టుకోవాలి. దానితో ముందు పని ఉన్నది.

రెండవ ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. నడకలో చెప్పు నేలమీద కదలకుండా నిలుస్తుంది. మనిషి దానిని వెనుకకు తన్ని ముందుకు పోతాడు. స్కేటింగులో అలా జరుగదు. చక్రము తాను దొర్లే దిక్కులో దాదాపు ఏ ప్రతిఘటనా ఇవ్వదు గనుక దానిని వెనుకకు తన్నితే అది వెనుకకే దొర్లిపోతుంది. చక్రము ఆనిక ఇచ్చేది ఇరుసు దిక్కున, అంటే పక్కకు మాత్రమే. అందుచేత స్కేటరు కాలిని ఏటవాలుగా పెట్టి పక్కకు నెట్టుతాడు. అలా నెట్టుతున్నంతసేపూ ఆ కాలి కింద చక్రాలు ముందుకు దొర్లుతూనే ఉంటాయి. నడకలో పాదము వంగే తీరును తెచ్చి ఈ పనికి అతికించడము ఈతకు నడక పాఠాలు చెప్పినట్లుంటుంది. మెత్తని పలకను మెచ్చుకొనేవారు పాదంలో స్ప్రింగు ఉన్నదనే వాదము కూడ తెస్తారు. అది కూడ నిజమే. 70 కిలోల మనిషి సెకండుకు 4.5 మీటర్ల వేగంతో పరుగెత్తేటప్పుడు అడుగుకు దాదాపు 100 జౌల్‌ల శక్తి పోయి రావలసి ఉండగా, అందులో సుమారు 17 జౌల్‌లు అరికాలి వంపులో నిలువయై తిరిగి వస్తున్నవని 1987 లో అలెగ్జాండర్, ఆయన సహచరులు లెక్క కట్టారు. కాని అది పరుగు సంగతి. పరుగులో శరీరము ఎగిరి పడుతుంది కాబట్టి ఆ స్ప్రింగుకు పని దొరుకుతుంది. స్కేటరు ఎగిరి పడడు, జారుతాడు. పలకలో దాచిన శక్తి నెట్టుడు ముగిసే వేళకు, కాలు నేలను వదిలిన తరువాత బయటకు వస్తే అది గాలిపాలే.

మరి పాదము చేసే కదలికలలో స్కేటు దేనినైనా అనుసరించవలసి ఉన్నదా? తప్పక ఉన్నది. దానిని కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్. అతనికి ముందు స్కేట్లు తిన్నగా పోవడమే గాని తిరుగడము ఎరుగవు. 18వ శతాబ్దంలో లండన్‌లో స్థిరపడిన వాద్యనిర్మాత జాన్ జోసెఫ్ మెర్లిన్ చక్రాల జోడు తొడుక్కొని, వయొలిన్ వాయిస్తూ ఒక వేడుకలోకి దొర్లివచ్చి, తిరుగలేక, ఆగలేక, 500 పౌనులకు పైగా విలువచేసే నిలువుటద్దాన్ని పగులగొట్టాడని చెప్పుకొంటారు. 1819 లో పారిస్‌లో పెటిబ్లే పేటెంటు పొందిన స్కేటులో చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి. దానితో మలుపు తిరుగడము కష్టమే. 1863 లో ప్లింప్టన్ న్యూయార్కులో పేటెంటు చేసిన స్కేటులో ముందు రెండు, వెనుక రెండు చక్రాలు. ప్రతి ఇరుసుకూ పలకకూ నడుమ రబ్బరు దిండు. స్కేటరు పాదాన్ని ఒక పక్కకు వాల్చితే రబ్బరు అణగుతుంది. ఇరుసు ఏటవాలు పిడిమీద కూర్చొని ఉన్నది గనుక వాలిన పక్కకు ముందు చక్రాలు ఒక దిక్కున, వెనుక చక్రాలు దానికి ఎదురు దిక్కున తిరుగుతాయి. ఇరుసులను ఊహలో పొడిగిస్తే అవి ఎక్కడ కలుస్తాయో అదే మలుపుకు కేంద్రము.

ఈ నిర్మాణంలోని వివేకము ఎంత పొగడినా తక్కువే. పాదానికి ముందువెనుకల వంపు ఉన్నది, పక్కవాటు ఉన్నది. ప్లింప్టన్ రెండవదానిని మాత్రమే ఎన్నుకొన్నాడు. స్కేటరుకు కావలసినది అదే. 160 ఏళ్ళు దాటినా నాలుగు చక్రాల స్కేటు నేటికీ ఆ సూత్రంమీదనే నడుస్తున్నది.

పలక వంగితే ఈ సూత్రానికి ఏమవుతుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఇరుసుల మధ్య దూరము 16 సెంటీమీటర్లు అనుకొందాము. రెండు ఇరుసులూ చెరి 3 డిగ్రీలు తిరిగితే మలుపు వ్యాసార్ధము దాదాపు 153 సెంటీమీటర్లు వస్తుంది. ఇప్పుడు పలక కొంచెము మెలిపడి, ముందు ఇరుసు మాత్రము 5 డిగ్రీలు తిరిగినదనుకొందాము. వ్యాసార్ధము 114 సెంటీమీటర్లకు పడిపోతుంది. రెండు డిగ్రీల తేడాకు ముప్పాతిక మలుపే మిగిలిందన్నమాట! మెలిపెట్టినది స్కేటరే అయితే, అతడు దానిని కోరి చేసి ఉంటే, అది గుణమే. చెక్కనేలమీద నృత్యము చేసే కొందరు స్కేటర్లు కొద్దిగా మెలిపడే పలకలనే కోరడానికి కారణమిదే. నాలుగు చక్రాలూ నేలను వదలకుండా పట్టుకొంటాయి, ముందు పాదంతో చేసిన చిన్న సైగను కూడ చక్రాలు వింటాయి. కాని మెలిపెట్టినది స్కేటరు బరువో, నేల గతుకో అయితే మలుపు అతని చేతిలో ఉండదు. మెలి వేరు, వంపు వేరు. వంగే స్కేటును మెచ్చుకొనేవారు ఈ రెంటినీ ఒకే మాట కింద కలిపివేస్తున్నారు. మెలిలో లాభముండవచ్చు, నిలువు వంపులో మాత్రము ఇరుసుల పిడుల వాలు మారిపోయి, ప్లింప్టన్ చేసిన అమరిక చెడుతుంది.

వంగేదీ వంగనిదీ ఎంచుకోవడానికి నిర్మాతకు పెద్ద తంటా లేదు. పలక మందము సగము చేస్తే వంపు 8 రెట్లవుతుంది. అదే మందము ఉంచి అల్యూమినియానికి బదులు ఒట్టి నైలాను పెట్టితే పాతిక రెట్లు దాటుతుంది. నైలానులో గాజునార కలిపితే ఆ తేడా చాలవరకు తగ్గుతుంది. కాబట్టి చిక్కు పదార్థంలో లేదు, ఉద్దేశంలోనే ఉన్నది.

ఇక మూడవ ప్రశ్న: వంగి ఏమి సాధించాలి? దీనికి సరియైన జవాబు చక్రాలనుండి రాలేదు, మంచునుండి వచ్చినది. వేగపు స్కేటింగు చేసేవారు పొడుగాటి ఉక్కు బ్లేడును జోడుకు ముందూ వెనుకా గట్టిగా బిగించుకొనేవారు. నెట్టుడు చివర మడమ ఎత్తితే బ్లేడు మొన మంచులో గీసుకొని వేగము పోతుంది. అందుకని చీలమండను చాచకుండా అణచుకోవడము వారు అభ్యాసము చేసేవారు. 1980 దశకంలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో చలనశాస్త్రజ్ఞుడు వాన్ ఇంగెన్ స్కెనౌ, ఆయన సహచరులు జోడు ముందు భాగాన, వేళ్ళ మొదళ్ళ కింద ఒక కీలు మాత్రమే ఉంచి, మడమవద్ద బిగింపు తీసివేశారు. మడమ లేచినా బ్లేడు మొత్తము మంచుమీదనే బల్లపరుపుగా ఉంటుంది. కాలు లేచిన తరువాత చిన్న స్ప్రింగు బ్లేడును మడమకు తెచ్చి కొట్టుతుంది. ఆ చప్పుడునుబట్టే డచ్చివారు దానికి క్లాప్ స్కేటు అని పేరు పెట్టారు. పావుకోటి చప్పుడే ఇది!

దీనిని మేటి స్కేటర్లు మొదట లెక్కచేయలేదు. 1994-95 ఋతువులో దక్షిణ హాలండుకు చెందిన 11 మంది యువకులు వాడి చూచారు. వారి కాలాలు సగటున 6.2 శాతము మెరుగుపడగా, పాత స్కేట్లు వాడినవారివి 2.5 శాతమే మెరుగుపడినవి. పదకొండుగురే గదా అని, కొత్త వస్తువు ఇచ్చే ఉత్సాహము కూడ ఇందులో ఉండవచ్చునని శంకించడము న్యాయమే. కాని 1998 నాగానో ఒలింపిక్సు నాటికి శంకకు చోటు మిగలలేదు. అక్కడ హాలండుకు చెందిన జియాని రొమ్మె 10,000 మీటర్ల దూరాన్ని 13 నిమిషాల 15.33 సెకండ్లలో ముగించాడు. నాలుగేళ్ళ ముందు లిల్లెహామర్‌లో నార్వేకు చెందిన కోస్ పాత స్కేట్లతో అదే దూరానికి తీసుకొన్నది 13 నిమిషాల 30.55 సెకండ్లు.

ఇక్కడొక విశేషమున్నది. స్కేటు గెలిచినది గాని, దానిని కనిపెట్టినప్పటి సిద్ధాంతము పూర్తిగా గెలువలేదు. పిక్క కండరాలకు స్వేచ్ఛ దొరికినందువల్లనే లాభము వస్తుందని మొదట అనుకొన్నారు. పాత స్కేటుమీద కూడ స్కేటర్లు నెట్టుడు చివర చీలమండను కొంత చాచుతూనే ఉన్నారని తరువాత అదే విశ్వవిద్యాలయంలో జరిగిన కొలతలు చూపినవి. తేడా అంతా పాదము ఏ బిందువు చుట్టు తిరుగుతున్నదన్న దానిలో ఉన్నది. పాత స్కేటులో అది బ్లేడు మొన చుట్టు తిరిగేది. కొత్తదానిలో వేళ్ళ మొదళ్ళ కిందనున్న కీలు చుట్టు తిరుగుతున్నది. స్కేటు వంగడమువల్ల వచ్చిన లాభము కాదు ఇది. బ్లేడు అసలు వంగనే లేదు.

ఈ జ్ఞానంతో చక్రాల స్కేటును తిరిగి చూడాలి. ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లకు కూడ క్లాప్ కీలు వేసి చూచారు. మంచుమీదవలె అది స్థిరపడలేదు. కారణము ఊహించడము కష్టము కాదు. మడమ లేచినప్పుడు ఉక్కుమొన మంచును గీస్తుంది, ముందు చక్రమో దొర్లుతూనే ఉంటుంది. మంచుమీద పోగొట్టుకొన్నంత ఇక్కడ పోగొట్టుకోనప్పుడు తిరిగి సంపాదించేదీ తక్కువే. పైగా కీలు బరువు, అందులో కొంచెము సందు ఏర్పడితే వచ్చే వణుకు అదనపు ఖర్చు.

నాలుగు చక్రాల స్కేటు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. దాని ముందు ఇరుసు సాధారణంగా వేళ్ళ మొదళ్ళ కిందనో, కొంచెము ఇటూ అటూనో ఉంటుంది. స్కేటరు మడమ ఎత్తితే వంగని పలక మొత్తము ఆ ఇరుసు చుట్టు తిరుగుతుంది. అంటే డచ్చి శాస్త్రజ్ఞులు మంచు స్కేటుకు కష్టపడి సంపాదించిపెట్టిన బిందువు ప్లింప్టన్ స్కేటులో మొదటినుండీ ఉన్నది! పలకను అక్కడే మరల వంచడము ఉన్న తలుపుకు రెండవ తలుపు బిగించడము. మరి వేళ్ళు మడతపడకపోవడంచేత నారపట్టీ బిగుసుకోదే అని అడుగవచ్చు. బిగుసుకోదు, కాని పాదానికి ఆ క్షణంలో కావలసిన గట్టిదనాన్ని వంగని పలక బయటినుండి ఇస్తున్నది. స్వేచ్ఛ కావలసినది చీలమండకు. దానిని అడ్డగించేది పలక కాదు, ఎత్తయిన బూటు మెడ. వేగపు పోటీలకు వాడే నాలుగు చక్రాల స్కేట్లకు పొట్టి మెడ బూట్లు వాడడము ఇందుకే.

ఈ చర్చతో పోటీలకు పోనివారికి పనిలేదనుకోరాదు. పిల్లలకు అమ్మే చౌక స్కేట్లలో పలుచని ప్లాస్టిక్కు పలకలు ఉంటాయి. అవి వంగడాన్ని మెత్తదనమని, పాదానికి సుఖమని చెప్పి అమ్మేవారుంటారు. కొనేముందు పిల్లవానికి స్కేటు తొడిగి, ఒక్క కాలిమీద నిలబెట్టి, పక్కనుండి నేలమట్టానికి వంగి చూడాలి. పలక నడుమ పల్లమై, ముందు ఇరుసు ముందుకూ వెనుక ఇరుసు వెనుకకూ వాలినట్లు కనిపిస్తే, ఆ స్కేటు పిల్లవాడు వాలిన మేరకు తిరుగదు, వాని బరువునుబట్టి తిరుగుతుంది. వాడు రెండు కిలోలు పెరిగేసరికి అది ఇంకొక విధంగా తిరుగుతుంది.